‘ఇన్సిపిడ్’ అంటే చప్పిడా, చప్పనా, రుచిలేనిదా? అరమార్కు దగ్గర మొదలైన గొడవ

చింతచిగురు | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విషయం చిన్నదే, కానీ రెండు రోజులుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు టీచరు పది మాటలిచ్చి, ఒక్కోదానికి తెలుగు అర్థం, ఒక సొంత వాక్యం రాసుకురమ్మన్నారు. ఏడోది ‘ఇన్సిపిడ్’. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. హాల్లోంచి అరిచి అడిగితే, ఆలోచించకుండా ‘చప్పిడి’ అనేశాను. పిల్ల అదే రాసుకుంది. మర్నాడు నోట్సు తిరిగొచ్చింది. ‘చప్పిడి’ మీద ఎర్ర గీత, పక్కన ‘రుచిలేని’ అని దిద్దుబాటు, అరమార్కు కోత.

అరమార్కు పోతే పోయింది. చప్పిడి అంటే రుచి లేనిదని ఎవరు చెప్పారండీ? నా పదకొండో ఏట పచ్చకామెర్లు వచ్చినప్పుడు మా అమ్మ నెలరోజులు చప్పిడి కూడు పెట్టింది. మెత్తటి అన్నం, నీళ్ళ మజ్జిగ, ఉప్పు పడని బీరకాయ. మొదటి వారం కంచం ముందు కూర్చుని ఏడ్చాను. మూడో వారంలో ఒకరోజు బీరకాయ ముక్క నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది. బీరకాయ తీపని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. దాన్ని రుచిలేనిదంటే ఒప్పుకోను.

ఈ మాట అసలు ఎక్కడిది? తెలుగులో దానికి సరైన జోడీ ఏది? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

మిరియాల చారు | 9:31

ఇన్సిపిడ్ అంటే మా అత్తగారి చారు. ఇంక ఈ చర్చ మూసేయొచ్చు.

సరదాకి అన్నాలెండి. మా కాలేజీలో ఇంగ్లీషు మేడమ్ ఒక చిట్కా చెప్పేవారు. సిప్ అంటే గుక్క. ‘ఇన్’ అంటే కాదు. ఒక గుక్క కూడా తాగలేనిది ఇన్సిపిడ్. పరీక్షలో అలాగే గుర్తుపెట్టుకుని రాశాను, మార్కు కూడా పడింది.

---

నిఘంటువు బాబాయి | 10:05

చారు గారూ, గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంది కానీ ఆ చుట్టరికం నిజం కాదు. సిప్ అనేది జర్మన్, డచ్ కుటుంబం వైపు మాట. ఇన్సిపిడ్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులోకి దిగింది. ఇద్దరూ ఒకే ఊరి బస్టాండులో దిగారంతే.

లాటిన్‌లో ‘సపెరె’ అని ఒక క్రియ ఉంది. దానికి రెండు అర్థాలు. ఒకటి రుచి తెలియడం, రెండోది తెలివి ఉండడం. దాని నుంచి ‘సపిడుస్’, అంటే రుచి గలది. ముందు ‘ఇన్’ చేర్చి వ్యతిరేకం చేస్తే ‘ఇన్సపిడుస్’ కావాలి కదా, ‘ఇన్సిపిడుస్’ ఎందుకైంది? లాటిన్‌కి మన సంధుల్లాంటి అలవాటు ఒకటుంది. ముందు ఏదైనా వచ్చి అతుక్కుంటే లోపలి ‘అ’ బలం తగ్గి ‘ఇ’ అవుతుంది. స్నేహితుడు ‘అమీకుస్’, శత్రువు ‘ఇనిమీకుస్’. సులువైనది ‘ఫకిలిస్’, కష్టమైనది ‘దిఫికిలిస్’. ఇంగ్లీషులో ఫెసైల్, డిఫికల్ట్ అని ఆ జంట ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. ఈ అచ్చు మార్పు బోర్డు మీద వేసిన రోజు మాత్రం వెనక బెంచీ కూడా మాట్లాడకుండా వినేది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ‘సపెరె’ నుంచే ‘సేపియన్స్’ వచ్చింది. 1758లో లినేయస్ మనిషికి ‘హోమో సేపియన్స్’ అని పేరు పెట్టాడు. తెలివి గల మనిషి అని మనం చదువుకున్నాం. మూలానికి వెళితే నాలుక తెలిసిన మనిషి. ఉప్పునూ కప్పురాన్నీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పగలిగినవాడు అన్నమాట. ఆ పద్యం మన పిల్లలకి కూడా వచ్చు.

ఫ్రెంచివాళ్ళ ‘సవ్వార్’, ఇంగ్లీషువాళ్ళ సేవరీ, ఋషిలాంటివాణ్ణి అనే సేజ్, అన్నీ ఒక తల్లి పిల్లలే. వంటలో వేసే సేజ్ ఆకు మాత్రం వేరే ఇంటిది, దాని పేరు ‘సాల్వియా’ నుంచి వచ్చింది.

---

చింతచిగురు | 10:22

బాబాయి గారూ, అయితే ఇన్సిపిడ్‌కి వ్యతిరేకం ‘సపిడ్’ అనాలా? ఎవరూ అనగా వినలేదే?

---

నిఘంటువు బాబాయి | 10:40

నిఘంటువులో ఉంది, నోట్లో లేదు. మనకూ అలాంటివి ఉన్నాయిగా. ‘నిర్లక్ష్యం’ రోజూ వాడతాం, దానికి ఎదురుగా ‘లక్ష్యం’ అనం, అది వేరే పనిలో కుదురుకుంది. సపిడ్‌కి ఆ పని కూడా దొరకలేదు పాపం.

---

ఊరిబిండి | 11:15

నేను అనంతపురం మనిషిని, పదిహేనేళ్ళుగా బెంగళూరులో ఉన్నాను. ఇక్కడ హోటల్లో సాంబారులో ఉప్పు తక్కువైతే ‘సప్పె’ అంటారు. తమిళంలో ‘సప్పు’న ఉంది అంటారు. మా ఊళ్ళో ‘సప్పగా’ అంటాం. ఇక్కడ చూడండి: సప్పె, సపెరె, సపిడుస్. లాటిన్ వాళ్ళు మన దగ్గరి నుంచే తీసుకెళ్ళారేమో అనిపిస్తోంది. రోము నాణేలు మన దక్షిణాదిలో తవ్వితే దొరుకుతాయి కదా. మిరియాలు తీసుకెళ్ళినవాళ్ళు మాట తీసుకెళ్ళరా?

---

కరీంనగర్ కుర్రోడు | 11:24

అన్నా, మా దిక్కు కూడా ‘సప్పగుంది’ అనే అంటం. కానీ ఒక డౌటు. లాటిన్ ‘సప్’ అంటే రుచి ఉండుడు. మన ‘సప్ప’ అంటే రుచి లేకపోవుడు. తీస్కపోయినోళ్ళు ఉల్టా ఎందుకు తీస్కపోయిన్రు?

---

నిఘంటువు బాబాయి | బుధవారం, ఉదయం 6:10

కుర్రోడు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. తెలుగు చప్ప, కన్నడ సప్పె, తమిళ సప్పు, ఈ మూడూ నిఖార్సయిన అక్కచెల్లెళ్ళు, ద్రావిడ మాటలు. లాటిన్ దానికీ వీటికీ ధ్వని కలిసింది, అంతే. అర్థం ఎదురెదురుగా నిలబడింది. మిరియాలు వెళ్ళిన మాట నిజమే, ‘పెప్పర్’ అనే పేరు కూడా మన దేశపు ‘పిప్పలి’ నుంచే వెళ్ళింది. అది వేరే కథ.

ఇలాంటి ధ్వని పోలికలు నాకూ ఇష్టమే, పొద్దున్నే కాఫీతో పాటు నంజుకోవడానికి బాగుంటాయి. నిఘంటువులోకి మాత్రం ఎక్కించకూడదు.

---

డెస్క్ మీద టీ | 11:50

నేను పత్రికలో క్రీడల పేజీ చూస్తాను. ఈ మాట మాకు వారానికి నాలుగుసార్లు ఏజెన్సీ వార్తల్లో తగులుతుంది. ‘ఇన్సిపిడ్ బ్యాటింగ్’, ‘ఇన్సిపిడ్ డిస్‌ప్లే’. డెస్కులో ఎవరూ నిఘంటువు తెరవరు, కళ్ళు మూసుకుని ‘పేలవం’ అని కొట్టేస్తాం. పేలవ ప్రదర్శన. నిన్న రాత్రి కూడా కొట్టాను.

కానీ ఈ చర్చ చదివాక అనుమానం వచ్చింది. జట్టు 90కి ఆలౌట్ అయితే పేలవం. యాభై ఓవర్లూ ఆడి, ఎవరూ తొందరపడక, ఎవరూ కొట్టక, 210 చేసి వచ్చి కూర్చుంటే? ఇంగ్లీషు వాడు ఇన్సిపిడ్ అనేది ఎక్కువగా దీన్నే. అక్కడ తప్పు ఏమీ జరగలేదు. జరగాల్సింది కూడా ఏమీ జరగలేదు. దానికి పేలవం సరిపోదు. ‘ఇన్నింగ్స్ చప్పగా సాగింది’ అనాలి. రాస్తే చీఫ్ సబ్ ఊరుకుంటారో లేదో.

---

నిఘంటువు బాబాయి | మధ్యాహ్నం 12:30

మీ పేలవం గురించి ఒక మాట. సంస్కృతంలో పేలవమంటే సుకుమారం, నాజూకు. పువ్వుకో, అమ్మాయి చేతికో చెప్పే మెచ్చుకోలు మాట. తెలుగుకొచ్చి మీ క్రీడల పేజీలో తిట్టైపోయింది.

---

వేపపువ్వు | మధ్యాహ్నం 1:45

అందరూ టీచరమ్మని మర్చిపోయారు, కాబట్టి ఆవిడ తరఫున నేను మాట్లాడతాను. నేనూ టీచర్నే, వేరే ఊళ్ళో. సెక్షనుకి నలభై ఐదు నోట్సులు, ఒక్కోదాంట్లో పది మాటలు. నాలుగొందల యాభై అర్థాలు బస్సులో కూర్చుని దిద్దుతాం. నిఘంటువులో మొదటి అర్థం ‘రుచిలేని’ అని ఉంటే అదే ఒప్పు. బీరకాయ తీపి కథ ఆవిడకెలా తెలుస్తుంది?

పైగా ఆవిడ దిద్దింది అన్యాయమేమీ కాదు. పదం లోపల ఉన్నదే అది. రుచి గలది, దానికి ముందు లేమి. విడగొడితే ‘రుచి లేని’ అనే వస్తుంది కదా బాబాయి గారూ?

---

చింతచిగురు | 2:20

మేడమ్, మీ బస్సు నాకు అర్థమైంది, టీచరు మీద కోపం కూడా తగ్గింది. నేను ఫిర్యాదుకేమీ వెళ్ళట్లేదు. కానీ విడగొడితే వచ్చేదే అర్థమైతే ‘నీరసం’ అన్నా రుచిలేనిదనే రావాలి. నిర్, రసం. నాకు నీరసంగా ఉందంటే నాలో రుచి లేదనా?

---

నిఘంటువు బాబాయి | 2:48

చింతచిగురు గారూ, నేను రాత్రికి దాచుకున్న మాట మీరు లాగేశారు.

నిజానికి ఇన్సిపిడ్‌కి అచ్చుగుద్దినట్టు సరిపోయే సంస్కృత పదం ‘నీరసం’. రసం అంటే ద్రవం, రుచి, కావ్యంలోని అనుభూతి, మూడూ. ఆ మూడూ లేనిది నీరసం. సంస్కృతంలో నీరస కావ్యం అంటే ఇంగ్లీషువాడి ఇన్సిపిడ్ పొయెమ్. తెలుగువాళ్ళం దాన్ని ఒంటికి పూసుకున్నాం. ఇవాళ ఎవరైనా ‘మీ కథ నీరసంగా ఉంది’ అంటే, గ్లూకోజు ఎక్కించాలేమో అనిపిస్తుంది. ఎదురుగా ఉన్న ‘సరసం’ ఇంకో వీధికి పోయింది. అది ఎక్కడికి పోయిందో చెప్పక్కర్లేదు. ‘విరసం’ అంటే మా తరానికి 1970లో పుట్టిన రచయితల సంఘం తప్ప ఇంకోటి గుర్తుకు రాదు. రసం పేరుతో ముగ్గురు పిల్లలు, ఒక్కరూ ఇంట్లో లేరు.

వేపపువ్వు గారి ప్రశ్నకి: విడగొట్టడం మాట ఎక్కడి నుంచి బయల్దేరిందో చెబుతుంది. ఇప్పుడు ఎక్కడుందో వాడకమే చెప్పాలి.

---

అర్నో గట్టు | సాయంత్రం 6:05

ఇటలీ నుంచి రాస్తున్నాను. ఫ్లోరెన్సులో చదువుకుంటున్నాను, రెండో ఏడు. ఈ చర్చ చూసి క్లాసు మానేసినంత పని చేశాను.

ఇక్కడికి వచ్చిన మొదటి రోజు మూలమీద బేకరీలో రొట్టె కొన్నాను. పైన గోధుమరంగు పెచ్చు, పట్టుకుంటే టకటకమంటోంది, లోపల తెల్లగా దూదిలా ఉంది. నోట్లో పెట్టుకుంటే ఏమీ లేదు. ఉప్పు మర్చిపోయారని తిరిగి వెళ్ళి అడిగాను. కౌంటర్ దగ్గరి పెద్దావిడ నవ్వేసింది. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరట, ఎన్నో తరాల నుంచి అంతే. మన తిరుపతి లడ్డూకి జీఐ ఉన్నట్టే ఈ రొట్టెకి 2016లో యూరోపియన్ యూనియన్ గుర్తింపు కూడా ఇచ్చింది.

దాని పేరు ‘పానె షొక్కో’. షొక్కో అంటే ఇటలీలో మిగతా చోట్ల తెలివితక్కువవాడు. ఇక్కడ ఉప్పులేనిది. అంటే మొద్దు రొట్టె. ఆ మాటకి మూలం లాటిన్ ‘ఎక్సుక్కుస్’ అని నిఘంటువుల్లో ఉంది. ఎక్స్ అంటే బయటికి పోయిన, సుక్కుస్ అంటే రసం. రసం పోయినది. బాబాయి గారి నీరసం చదవగానే కుర్చీలోంచి లేచాను.

ఇంకోటి. ఇటాలియన్‌లో ‘సపెరె’ ఇంకా బతికే ఉంది, అదీ రెండు అర్థాలతో. ‘సో’ అంటే నాకు తెలుసు. కూరలో వెల్లుల్లి రుచి తగిలితే అదే క్రియతో ‘సా ది అల్యో’ అంటారు. నేను అద్దెకున్న ఇంటి ఓనరావిడ చలికాలంలో సూపర్‌మార్కెట్ టమాటా కోసి, ముక్క నోట్లో వేసుకుని, ‘నోన్ సా ది నియెంతె’ అని చెత్తబుట్టలో పడేసింది. ఏ రుచీ లేదు అని ఆవిడ భావం. నా చెవికి మాత్రం ‘దీనికి ఏమీ తెలియదు’ అన్నట్టు వినిపించింది. ఆ టమాటాని చూసి జాలేసింది.

ఈ ఊరి కవి డాంటేని 1302లో ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. పరాయివాళ్ళ రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో నువ్వు తెలుసుకుంటావు అని ఆయన కావ్యంలో ఒక పూర్వీకుడు ఆయనతో అంటాడు. అక్కడా ఉప్పు రుచి తగలడానికి వాడింది ఈ క్రియే. క్లాసులో అది చదివినప్పుడు నా పక్కనున్నవాళ్ళు మామూలుగా కూర్చున్నారు. ఉప్పులేని రొట్టె తిని పెరిగినవాడికి పక్క ఊరి రొట్టె ఉప్పగా తగులుతుందన్నది నాకు మాత్రం అక్షరాలా అర్థమైంది. నాది తిరగేసిన కష్టం.

---

మిరియాల చారు | 7:20

అర్నో గట్టు అమ్మా, మంచి మాట చెప్పావు. ఆవకాయ సీసా తీసుకెళ్ళావా లేదా ముందు అది చెప్పు.

నాకు తట్టింది ఒకటి చెప్తాను, తప్పైతే బాబాయి గారు దిద్దుతారు. ఆ దేశాల్లో ఉప్పు లేకపోతే తెలివి లేనట్టు. మరి మన దగ్గర? ‘ఉప్పూ కారం తినట్లేదా?’ అంటాం. అది తెలివి గురించి కాదు. నలుగురిలో ఎవడో నోటికొచ్చినట్టు అంటే నోరు మూసుకుని వచ్చినవాణ్ణి అంటాం. రోషం లేదా అని. ఉప్పు తిన్న విశ్వాసం అంటాం, అది కృతజ్ఞత. మన ఉప్పు బుర్రలోకి ఎక్కలేదు, రక్తంలోకి ఎక్కింది.

---

నిఘంటువు బాబాయి | 8:02

దిద్దడానికి ఏమీ లేదమ్మా. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు తట్టలేదు ఇది.

మీ మాటకి తోడుగా మరికొన్ని చెప్తాను. లాటిన్‌లో ఉప్పు ‘సాల్’. దానికే చమత్కారం, హాస్యం అనే అర్థం కూడా ఉంది. ఉప్పు వేయనిది ‘ఇన్సుల్సుస్’, మందబుద్ధిని కూడా ఆ మాటతోనే తిట్టేవారు. అదే అరిగి అరిగి స్పానిష్‌లో ‘సోసో’ అయింది. ఉప్పు తగ్గిన కూరా సోసోయే, పెళ్ళిలో మూల కూర్చుని ఎవరితోనూ మాట్లాడని మేనమామా సోసోయే. ఇంగ్లీషువాళ్ళు అంతంతమాత్రం అనడానికి వాడే ‘సో సో’కి దీనికీ సంబంధం లేదు, ఊరిబిండి గారు మళ్ళీ ఓడ ఎక్కకముందే చెప్పేస్తున్నాను.

మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో ‘మీరు లోకమునకు ఉప్పయి యున్నారు’ అనే మాట చర్చికి వెళ్ళనివాళ్ళకీ తెలుసు. ఆ వెంటనే ఉప్పు నిస్సారమైతే అని వస్తుంది. గ్రీకు మూలంలో నిస్సారమైతే అన్నచోట ఉన్న క్రియకి మామూలు అర్థం ‘తెలివితప్పితే’. ఇంగ్లీషులో మోరాన్ అనే తిట్టు ఆ వేరు నుంచి చేసిందే. ఉప్పుకు తెలివి తప్పడమేమిటని మనవాళ్ళు నిస్సారం అని రాసి ఉంటారు. తెలుగులో అదే సరి. ‘ఉప్పు మూర్ఖమైతే’ అని చదివితే ప్రార్థనలో పిల్లలు నవ్వేవారు.

---

తెల్లకోటు | రాత్రి 9:40

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. ఈ మాట మా దగ్గర ఒక జబ్బు పేరులో ఉంది, ఎవరూ చెప్పలేదేంటా అని చూస్తున్నాను: డయాబెటిస్ ఇన్సిపిడస్.

పాతకాలంలో వైద్యుడికి ల్యాబు అంటే తన నాలుకే. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు అతిమూత్ర రోగుల మూత్రం తేనెలా తియ్యగా ఉందని రాశాడు. అది డయాబెటిస్ మెల్లిటస్, మెల్ అంటే తేనె. మన ఆయుర్వేదంలో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మధుమేహం అన్నారు, మూత్రానికి చీమలు పడతాయని కూడా గమనించారు. చీమలకు వదిలేయడం తెలివైన పద్ధతి అని నా అభిప్రాయం.

కొందరికి మూత్రం బకెట్లకొద్దీ వస్తుంది, పెద్దవాళ్ళకి రోజుకి మూడు లీటర్ల పైమాటే, కానీ తీపి ఉండదు. నీళ్ళలా ఉంటుంది. అది ఇన్సిపిడస్. దీనికీ చక్కెరకీ సంబంధమే లేదు. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి నుంచి రావాల్సిన వాసోప్రెసిన్ అనే హార్మోను రాకపోవడమో, వచ్చినా కిడ్నీ దాని మాట వినకపోవడమో కారణం. నీరు ఒంట్లో నిలవదు, మనిషి దాహంతో అల్లాడిపోతాడు.

పేరులో డయాబెటిస్ ఉండటంతో షుగరనుకుని పొరపాటు పడటం, ఇవ్వాల్సిన హార్మోను మందు ఆపేయడం లాంటివి జరిగాయి. అందుకే 2022లో పలు దేశాల వైద్య సంఘాలు కలిసి ఆ పేరు మార్చాలని నిర్ణయించాయి. ఇప్పుడు వాసోప్రెసిన్ లోపం, వాసోప్రెసిన్‌కి స్పందన లేకపోవడం అని రెండు పేర్లు. రుచి చూసి పెట్టిన పేరు పోయి, కారణం చూసి పెట్టిన పేరు వచ్చింది.

---

వేపపువ్వు | 10:15

డాక్టరు గారూ, ఆ పొరపాటు మా ఇంట్లో జరిగింది. మా పిన్నికి ఆ జబ్బే. వేరే ఆపరేషన్‌కని ఒక ఆస్పత్రిలో చేర్చాం, ఊరూ పేరూ వద్దులెండి. ఫైలు మీద డయాబెటిస్ అనే ముక్క చూసి మంచానికి షుగర్ డైట్ అట్ట వేలాడదీశారు. పొద్దున టీ వచ్చింది, చక్కెర లేదు. ఉప్మా వచ్చింది, ఉప్పు కూడా సరిగ్గా లేదు. ‘ఆవిడకి షుగర్ లేదండీ’ అని నేను చెబితే, వార్డులో అమ్మాయి ఫైలు తిప్పి నాకే చూపించింది. రెండోరోజు సాయంత్రం ఒక పీజీ డాక్టరు వచ్చి చదివి, అట్ట ఊడదీసి, తన చేతులతో ఒక చక్కెర పొట్లం తెచ్చి ఇచ్చాడు. మందు మా దగ్గరే ఉంది కాబట్టి గండం గడిచింది.

మా పిన్ని ఇప్పటికీ చెబుతుంది, ‘జబ్బు పేరే చప్పనమ్మా, టీ కూడా చప్పగా ఇచ్చారు’ అని. ఆవిడ చదివింది అయిదో తరగతి. ఇన్సిపిడస్ అంటే ఏమిటని డాక్టరుని అడిగితే, ఆయన ‘చప్పన’ అని చెప్పాడట. టీచర్నై ఉండి మధ్యాహ్నం ఆ మాట గుర్తుకు రాలేదు చూడండి.

---

డెస్క్ మీద టీ | 10:50

వేపపువ్వు గారూ, అరమార్కు వెనక్కి వచ్చేసినట్టేనా?

---

ఊరిబిండి | గురువారం, ఉదయం 8:30

బాబాయి గారూ, ఓడ దిగాను. ఒక మామూలు ప్రశ్న. కోవిడ్ వచ్చినప్పుడు నాకు పది రోజులు రుచి తెలియలేదు. మా ఆవిడ చేసిన ఉగ్గాని, బజ్జీ కూడా మట్టిలా అనిపించాయి. అప్పుడు ఉగ్గాని ఇన్సిపిడ్ అనాలా, నేనా?

---

నిఘంటువు బాబాయి | 9:15

ఇది గొప్ప ప్రశ్న. ‘సపెరె’ క్రియ రెండు వైపులా తిరుగుతుంది. వంటకం సపెరె అంటే దానికి రుచి ఉంది. మనిషి సపెరె అంటే వాడికి రుచి తెలుస్తుంది. ఇంగ్లీషు ‘టేస్ట్’ కూడా అంతే, సూపు టేస్ట్ చేస్తుంది, నేనూ సూపుని టేస్ట్ చేస్తాను. తెలుగులో ఈ గందరగోళం లేదు. వంటకం రుచిగా ఉంటుంది, మనం రుచి చూస్తాం. ఎవరి పని వాళ్ళది.

లాటిన్ వాళ్ళు కూడా తరవాత సర్దుకున్నారు. రుచి లేని వస్తువు ‘ఇన్సిపిడుస్’. తెలివి లేని మనిషి ‘ఇన్సిపియెన్స్’. కాబట్టి ఉగ్గాని ఇన్సిపిడ్ కాదు. రెండోది మీకు తగిలించను, కోవిడ్‌లో మీ తప్పేం లేదు.

మాటల మూలాలు చూస్తే ఒక్కో జాతి రుచిని ఒక్కో దారిలో పట్టుకుంది. టేస్ట్ అనే మాట పాత ఫ్రెంచిలో తాకి చూడటం. సంస్కృత ‘రుచి’ వెలుగుకి సంబంధించింది, రుచ్ అంటే ప్రకాశించడం, సురుచిరం అన్నప్పుడు ఆ కాంతి ఇంకా ఉంది. మన సొంత మాట ‘చవి’. కన్నడలో సవి, తమిళంలో సువై. అది ఇప్పుడు కంచం దగ్గర కనిపించడం మానేసి, ఓటమి చవిచూసింది అంటూ డెస్క్ మీద టీ గారి పేజీలో ఉద్యోగం చేస్తోంది.

---

కరీంనగర్ కుర్రోడు | 9:40

బాబాయ్, అన్నీ మంచిగ చెప్పినవ్. గని చింతచిగురు అన్న అడిగింది ఒకటే. చప్పిడా, చప్పనా?

---

మిరియాల చారు | 10:20

అది నేను చెప్తాను, ఇది వంటింటి విషయం.

చప్పిడి అంటే కావాలని చేసేది. పథ్యానికి, చిన్నపిల్లలకి, ఉప్పూ కారం ఆపి వండుతాం. చప్పిడి కూడు తినేవాడికి అది చప్పిడి అని ముందే తెలుసు, ఆశ పెట్టుకోడు. ఇంగ్లీషులో దాన్ని ‘బ్లాండ్’ అంటారు, డాక్టర్లు బ్లాండ్ డైట్ అని రాస్తారుగా. ‘చప్పన’ అలా కాదు. సాంబారు అని పేరు పెట్టి, ఇంగువ వాసన వేయించి, పొగలు కక్కుతూ కంచంలోకి వచ్చి, తీరా కలుపుకుంటే ఏమీ లేకపోవడం చప్పన. అక్కడ మోసం ఉంది. మా అత్తగారి చారు విషయంలో నా బాధ అదే. చప్పిడి అని చెప్పి పెడితే మాట్లాడకుండా తిందును.

---

తెల్లకోటు | 10:41

బ్లాండ్‌కి లాటిన్ మూలం ‘బ్లాండుస్’, మృదువైన, లాలించే అని. కడుపుని లాలించే తిండి. చారు గారి విభజనకి అది కూడా సరిపోయింది.

---

డెస్క్ మీద టీ | 11:05

‘వాపిడ్’ని కూడా ఇక్కడే కూర్చోబెట్టేయండి, మా కాపీలో ఈ రెండూ కలిసే వస్తాయి.

---

నిఘంటువు బాబాయి | 11:30

వాపిడ్ అంటే మొదట్లో సారం ఎగిరిపోయిన ద్రాక్షసారా. లాటిన్‌లో అలాంటి సారాని ‘వాప్పా’ అనేవారు, పనికిమాలినవాణ్ణీ అలాగే పిలిచేవారు. మనకైతే మూత తీసి మర్చిపోయిన గోళీ సోడా. ఒకప్పుడు ఉండి పోయింది వాపిడ్, అంటే చప్పబడింది. మొదటి నుంచీ లేనిది ఇన్సిపిడ్, అంటే చప్పన. లేకుండా చేసుకున్నది బ్లాండ్, అంటే చప్పిడి. చారు గారూ, ఇంత పని మీ వంటింట్లో ఎప్పుడో అయిపోయింది, నేను లాటిన్ తగిలించానంతే.

---

చింతచిగురు | రాత్రి 9:05

అంటే తప్పు నాదే. బ్లాండ్‌కి చెప్పాల్సింది ఇన్సిపిడ్‌కి చెప్పాను. టీచరు దిద్దింది వేరే కారణానికైనా, గీత పడాల్సిన చోటే పడింది.

మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. డాంటే దగ్గర ఆవలించింది, చీమల దగ్గర లేచి కూర్చుంది. సొంతవాక్యం మార్చి రాస్తానంది. రాసింది ఇది: ‘మై ఫాదర్స్ బీరకాయ ఈజ్ బ్లాండ్, బట్ హిజ్ సాంబార్ ఈజ్ ఇన్సిపిడ్.’

నిన్న రాత్రి సాంబారు నేనే పెట్టాను. ఉప్పు వేశానో లేదో ఇప్పటికీ గుర్తులేదు.

---

మిరియాల చారు | 9:12

పులుసు పొంగాక వేశారా, ముందే వేశారా?